అతుకు తెలియని ఊఁ

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. మీరు ఫోన్లో వాన చప్పుడు పెట్టుకుని నిద్రపోయే రకమైతే, ఆ వానలో అప్పుడప్పుడూ సన్నగా "టిక్" అని వినిపిస్తుంటే, అది మీ ఫోన్ తప్పు కాదు, మీ చెవుల తప్పు అంతకన్నా కాదు. అది నా పని. ఆ యాప్‌లకి వాన, సముద్రం, పాత ఫ్యాన్ లాంటి చప్పుళ్లు తయారుచేసి అమ్మడమే ప్రస్తుతం నా ఉద్యోగం. ప్రతిదాంట్లోనూ ఒక టిక్ కావాలనే వదిలేస్తాను. క్లయింట్లు తిడతారు. "సరిచేశాను సర్" అని మెయిల్ పెట్టి, దాన్ని ఇంకో చోటికి జరుపుతాను.

చేతకాక కాదు. చేతనవడం వల్లే వచ్చింది చిక్కంతా.

నా పేరు కాశింబీ. కాలేజీలో కాశీ, ఇంట్లోనూ కాశీయే. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె, షేకుల ఇల్లు. మూడు తరాలుగా పెళ్లిళ్లకీ ఉత్సవాలకీ నాదస్వరం వాయించే కుటుంబం. మా నాయన నాగూర్ సాహెబు వాయిస్తుంటే పక్కన ఒకరు ఒత్తు పట్టుకుని కూర్చుంటారు. ఒత్తు అంటే శ్రుతి గొట్టం. దానికి పాట ఉండదు. కచేరీ అయ్యేదాకా ఒకటే స్వరం. పట్టినవాడు ఊపిరి ఎప్పుడు తీసుకున్నాడో ఎవరికీ తెలియకూడదు. బుగ్గల్లో గాలి దాచుకుని, దాన్ని బయటికి నెడుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చాలి. అందుకోసం మా ఇంట్లో పిల్లలందరికీ గ్లాసు నీళ్లూ ఒక సన్నటి గొట్టమూ ఇచ్చేవాళ్లు. నీళ్లల్లో బుడగలు ఆగకుండా ఊదాలి, ఆగితే మొట్టికాయ. ఆడపిల్లనని నన్ను పెళ్లిళ్లకి తీసుకెళ్లలేదు గానీ, మొట్టికాయలు మాత్రం సమానంగానే పంచారు.

ఆ చెవులతోనే ఈసీఈ చదివి, హైదరాబాదులో ఒక చిన్న ల్యాబులో చేరాను. దాన్ని నడిపేది మృదుల మేడం. మెదడు డాక్టరు. ఆవిడకి ఒకటే పిచ్చి: కాలం గడుస్తోందని మెదడుకి ఎవరు చెప్తారు? ఇంటర్వ్యూలో కూడా నన్ను అదే అడిగారు. నాకు తెలియక, "మా అత్త" అన్నాను. ఉద్యోగం వచ్చింది.

మేడం లెక్క ఇలా ఉండేది. ఒక చప్పుడు మళ్లీ వచ్చిందని మనసుకి తెలిస్తేనే అది ఒక క్షణం గడిచిందని గుర్తు వేసుకుంటుంది. అదే చప్పుడు, మళ్లీ వచ్చినట్టు తెలియకుండా వస్తూనే ఉంటే? మనసు మొదటి క్షణంలోనే ఉండిపోతుంది. అలా ఉండిపోయినవాడికి నొప్పి అంటదు. ఎందుకంటే నొప్పిలో సగం "ఇంకా ఎంతసేపు" అనే ప్రశ్నే.

అప్పటిదాకా ల్యాబులో వాళ్లు చేసిన లూపులు, అంటే చివరని మొదలుకి అతికించి ఆగకుండా తిప్పే చప్పుడు ముక్కలు, అన్నీ కంప్యూటరు తెరమీద బ్రహ్మాండంగా ఉండేవి. శబ్దపు అల సున్నా గీతను దాటే చోట కోసేవాళ్లు. అక్కడ అల పైకి వెళ్తుంటే, మళ్లీ మొదలయ్యే చోట కూడా పైకి వెళ్తూనే ఉండాలి. లేకపోతే స్పీకరు పొర ఒక్కసారి గెంతుతుంది, ఆ గెంతే టిక్. ఇవన్నీ చేసినా, వినేవాళ్ల మెదడు మాత్రం అతుకుని పట్టేసేది. నేను చేరిన కొత్తలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఊపిరి చివర ఆ మనిషి గొంతు అలిసిపోయింది కదా, మొదట్లో అలిసిపోలేదు కదా అన్నాను. తెరమీద అలసట కనపడదు. నేను ఒకే అలసట ఉన్న రెండు చోట్లు వెతికి అతికించాను. ఆ రోజు లూపు విన్నవాళ్లు హెడ్‌ఫోన్లు తీసి, "ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగారు. అప్పటికి గంటసేపు విన్నారు.

మొదటి పేషెంటు కనకయ్య గారు. బాయిలరు ప్రమాదంలో ఒళ్లు కాలింది. కట్టు మార్చేటప్పుడు ఆయన అరుపులకి వార్డులో మిగతావాళ్లు చెవులు మూసుకునేవారు. ఏ చప్పుడైనా కొంత పనిచేస్తుంది గానీ, మనసు భయం లేకుండా ఆనుకునే గొంతైతే పూర్తిగా పనిచేస్తుందని తేలింది. ఆయన భార్య సత్తెమ్మ గొంతుతో లూపు చేశాం. కట్టు మార్చారు. కనకయ్య గారు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నారు, అంతే. నర్సు ఏడ్చింది. మేమూ ఏడ్చాం, స్వీట్లు పంచుకున్నాం.

నాలుగు రోజుల తర్వాత ఆయన, నా భార్య నాతో ఎందుకు మాట్లాడట్లేదని అడిగారు. ఆవిడ పక్కనే నిలబడి మాట్లాడుతోంది. మిగతా అందరి మాటలూ ఆయనకి వినపడుతున్నాయి, ఆవిడది తప్ప. రైసుమిల్లు పక్కన కాపురం ఉన్నవాళ్లకి మిల్లు చప్పుడు వినపడనట్టే ఇదీ అని మేడం చెప్పారు. చెవిదాకా వస్తుంది, మనసు పక్కకి తోసేస్తుంది.

సత్తెమ్మ అంతా విని, "ఇన్నేండ్లకు నా మాట ఇనకుండ ఉండనీకి మంచి సాకు దొరికింది ఈయనకు" అంది. అని, వరండాలోకి వెళ్లి గోడకి తిరిగి నిలబడింది.

మూడు వారాలకి ఆయనకి ఆ గొంతు తిరిగొచ్చింది. ఎందుకొచ్చిందో వెతికితే, ఆ లూపులో కొన్ని నిమిషాలకొకసారి నేను పట్టుకోలేకపోయిన చిన్న టిక్ ఒకటి ఉందని తేలింది. ఆ టిక్ దగ్గర మనసు ఉలిక్కిపడి, గొంతుని ఒక్క క్షణం గొంతుగా వింటుంది. ఆ తాడు పట్టుకునే ఆయన తిరిగొచ్చారు. ఆ రోజు నుంచి ల్యాబులో నియమం పెట్టారు. ప్రతి లూపులోనూ టిక్ ఉండి తీరాలి. "అది లేకపోతే ఏమవుతుందో నాకు తెలియదు కాశీ. తెలుసుకోవాలని కూడా లేదు" అన్నారు మేడం.

ఆ ఎండాకాలంలోనే మా అమ్మకి మొహంలో నరం నొప్పి మొదలైంది.

అమ్మ పేరు మస్తాన్‌బీ. మా ఇంటికి నోరు ఆవిడే. నాయన రోజుకి పది మాటలు మాట్లాడతాడు, అందులో నాలుగు టీ గురించి. వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా అమ్మ చెప్తే వినాలి. అలాంటి మనిషికి గాలి తగిలినా, మెతుకు నమిలినా, మాట పెగిలినా, దవడ నుంచి కణత దాకా కరెంటు పాకినట్టు ఉండేది. మందులు పనిచేయలేదు. ఆపరేషన్ చేస్తే తగ్గుతుంది గానీ గుండె బలహీనంగా ఉంది, కుదుటపడేదాకా ఆగాలి, వానలు తగ్గాక చూద్దాం అన్నారు గుంటూరు డాక్టర్లు. అమ్మ తినడం మానేసింది. తర్వాత మాట్లాడటం మానేసింది. నేను వెళ్లేసరికి మంచం మీద గోడవైపు తిరిగి, చీర కొంగు చెంపకి తగలకుండా రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని ఉంది. ఆ కొంగు చూసి నేను హైదరాబాదుకి ఫోన్ చేశాను.

మేడం చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి లూపు వినిపిస్తూ మెదడు గీతలు చూపే మెషీను ఇస్తూ, టిక్ జోలికి వెళ్లనని నాచేత మాట తీసుకున్నారు.

ఇక ఎవరి గొంతు వాడాలన్నది సమస్య. ఆ గొంతు అమ్మకి కొన్ని వారాలపాటు వినపడదని అందరికీ చెప్పాను. నాయన లోపలికి వెళ్లి నాదస్వరం తెచ్చాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. నొప్పిని పళ్ల మధ్య బిగబట్టి, ఒక్కో మాటా తెంపి అంది: "అది వద్దు. అది పోతే ఈ మనిషిని ఎందుకు చేసుకున్నానో మర్చిపోతా."

నాయన గొంతుతో ప్రయత్నించాం. పనిచేయలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన నోరు తెరిస్తే టీ అన్నా, తువ్వాలు అన్నా, సన్నాయి పీకల డబ్బా అన్నా కావాలని అర్థం. ఆ గొంతు వినగానే అమ్మ మెదడు లేచి నిలబడేది. మా జాన్‌బీ అత్త, అంటే నాయన అక్క, తన గొంతు వాడమని ముందుకొచ్చింది. ఇది పోయినా పర్వాలేదన్నట్టు అమ్మ ఉత్సాహంగా తలూపింది. అప్పుడు వచ్చిన మెదడు గ్రాఫు మాత్రం నేను ఇప్పటికీ దాచుకున్నాను. తెరమీద అలా కొండలు లేవడం ల్యాబులో ఎప్పుడూ చూడలేదు. అత్త గొంతు వింటూ నిశ్చింతగా ఉండటం మా అమ్మ మెదడుకి చేతకాలేదు.

మిగిలింది నేను.

ఏం మాట్లాడాలని అడిగాను. మాటలేం వద్దు, ఊఁ కొట్టు అంది అమ్మ. చిన్నప్పుడు ఆవిడ వేరుశనక్కాయలు ఒలుస్తూ కబుర్లు చెప్తుంటే నేను ఊఁ కొడుతూ కూర్చునేదాన్ని. అదే ఊఁ. పెంకులు కుప్పపడుతున్న మధ్యాహ్నాలన్నీ గుర్తు తెచ్చుకుని ఒక్కటి, పొడుగ్గా అన్నాను. అందులోంచి రెండు సెకన్ల ముక్క తీశాను. హెడ్‌ఫోన్లు పెట్టగానే అమ్మ వేళ్లు కొంగుని వదిలేశాయి. కొంగు చెంపమీద పడింది. ఆమెకి తెలియలేదు. ఆ మధ్యాహ్నం అత్త పెట్టిన జావ గ్లాసు నిండా తాగింది.

కానీ టిక్ ఉంది కదా. అది వచ్చిన ప్రతిసారీ నొప్పి మొత్తం ఒకేసారి వచ్చి మీద పడేది. అమ్మ మొహం ముడుచుకుపోయి, మళ్లీ విప్పుకునేది. రోజంతా, కొన్ని నిమిషాలకొకసారి. నాయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఆ మొహాన్నే చూస్తుండేవాడు. ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసుకుని తనే విన్నాడు. టిక్ దగ్గర ఆయన భుజాలు ఉలిక్కిపడ్డాయి.

"ఊపిరి తెగతంది" అన్నాడు.

అది కావాలని ఉంచిందని చెప్పాను.

"కావాలని శ్రుతి తెంపుకోవడం ఏందే? మన ఇంట్లో ఎవురన్నా అట్టా చేశారా?"

మా ఇంట్లో కచేరీ మధ్యలో శ్రుతి తెగడం చావుకన్నా ఒక మెట్టే తక్కువ. మా తాత ఒకసారి జ్వరంతో ఒత్తు వదిలేస్తే, ఆ పెళ్లివాళ్లు మర్చిపోయినా మా వాళ్లు ఇరవై ఏళ్లు చెప్పుకున్నారు. అయినా నాయనకి అంతా వివరించాను. టిక్ తీసేస్తే నా గొంతు ఆమెకి ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు, ఎవరి మీదా చేసి చూడలేదు అన్నాను. ఆయన హెడ్‌ఫోన్లు మెల్లగా మంచం మీద పెట్టి, "వానాకాలం మొత్తం ఇట్టా చూడాల్నా నేను" అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు.

అమ్మనే అడిగాను. ఆమె నిర్ణయించుకోవడానికి ఆలస్యం చేయలేదు.

"తీసెయ్. నొప్పి ఉన్నంతసేపు నీ మాటలు నాకేమన్నా ఎక్కతన్నాయా ఏంది?"

తీసేశాను. చెప్పినంత తేలిక కాదు. టిక్ లేని లూపు అంతకుముందు నాకూ కుదరలేదు, కనకయ్య గారప్పుడు అందుకే మిగిలిపోయింది. గొంతు అలసటా, వణుకూ, గదిలో గోడలనుంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనీ, అన్నీ కలిసే చోటు దొరకాలి. నాయన పక్కన కూర్చుని విని, ఇంకా తెలుస్తంది, ఇంకా తెలుస్తంది అంటూ నన్ను దిద్దాడు. చిన్నప్పుడు గ్లాసు ముందు కూర్చోబెట్టినట్టే. చివరికి ఒకసారి ఏమీ అనలేదు. తల పక్కకి వాల్చి వింటూ ఉండిపోతే, కంగారుపడి నేనే తీసేశాను. "ఇప్పుడు కుదిరింది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. సిగ్గులేకుండా చెప్తున్నాను, చాలా సంతోషపడ్డాను.

ఆ వానాకాలం మాకు నెలలపాటు నడిచింది. అమ్మకి అది ఒక్క మధ్యాహ్నం. స్నానానికి కాసేపు హెడ్‌ఫోన్లు తీసినప్పుడల్లా, వాన వచ్చేట్టుందా అని అడిగేది. అప్పటికి వచ్చి, వెలిసి, మళ్లీ వచ్చి, గోడలకి నాచు పట్టింది. వినాయక చవితి మేళాలకి నాయన వెళ్లొచ్చాడు. అత్త కోడలు నీళ్లాడింది. అమ్మ మాత్రం ఎండాకాలం చివరి రోజున మంచం మీదే ఉంది, నా ఊఁ వింటూ, మొహం మీద ఒక్క ముడత లేకుండా. గుండె కుదుటపడింది. ఆపరేషన్ చేశారు.

ఆమె కళ్లు తెరిచేసరికి మంచం పక్కన నేనే ఉన్నాను. అమ్మా, ఎట్టా ఉంది అన్నాను.

అమ్మ నన్ను చూసింది. "దాహంగా ఉంది" అంది.

నేను నవ్వానో ఏడ్చానో నర్సుని అడగాలి. వెంటనే మేడంకి ఫోన్ చేసి, టిక్ తీసేసిన సంగతి అప్పుడు చెప్పాను. అమ్మకి నా మాట వినపడిందని కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. మంచిది అని, ఇంకేమీ అడగకుండా పెట్టేశారు.

అమ్మ మళ్లీ ఇంటికి నోరైంది. నేను హైదరాబాదు వెళ్లిపోయాను. రోజూ ఫోన్. మామూలు ఫోన్ చేస్తే ఎత్తేది కాదు, వీడియో చేస్తేనే ఎత్తేది. నీ మొహం చూడాలే అనేది. ఇంటికొస్తే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేది, వంటింట్లో కూడా. నేను ఆఫీసు కష్టాలు చెప్తే తలూపేది, తిన్నావా అంటే తిన్నాననేది, పెళ్లి మాట నేను దాటేస్తే సరిగ్గా అక్కడ తిట్టేది. మీ అమ్మకి నీ మీద ప్రేమ ఎక్కువైంది అని అత్త మూతి తిప్పింది. నేనూ అదే అనుకున్నాను.

ఆ మాఘమాసంలో నరసరావుపేటలో పెద్ద పెళ్లి. నాయన మేళం. అమ్మ చాలా రోజుల తర్వాత బయటికి వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకుని నాయన వాయిస్తుంటే ముందు వరసలో కూర్చుని వింది. తాళి కట్టాక జనం భోజనాలకి లేచారు. నేను ముందే వెళ్లి బంతిలో రెండు కుర్చీలు పట్టుకున్నాను. అమ్మ పది అడుగుల దూరంలో, నాకు వీపు పెట్టి, అటూ ఇటూ వెతుకుతోంది.

"అమ్మా" అని పిలిచాను.

ఆ హాల్లో ఉన్న అమ్మలందరూ తిరిగి చూశారు. పట్టుచీరల వాళ్లు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, వడ్డించే ఆవిడ కూడా గరిటె పట్టుకుని తిరిగింది. మా అమ్మ ఒక్కతే తిరగలేదు.

ఇంకోసారి పిలిచాను, గట్టిగా. ఎవరో ఆమె భుజం తట్టి నావైపు చూపించారు. అప్పుడు తిరిగి, నా మొహం చూసి, పరుగెత్తినట్టుగా వచ్చింది. "గోలలో వినపళ్లేదే" అంది. కానీ నా మొహంలో ఏముందో చూసింది కాబట్టి, ఆ అబద్ధాన్ని లాగలేదు. కుర్చీలో కూర్చుంది. విస్తరి మీద నీళ్లు చల్లుకుంది.

"ఆస్పత్రిలోనే తెలిసింది" అంది. "నీ పెదాలు ఆడతన్నాయి, సౌండు లేదు. టీవీ నోరు మూసినట్టు. ఏం అడిగుంటావులే, ఎట్టా ఉందనేగా. దాహంగా ఉందని చెప్పా."

ఎందుకు దాచావని అడిగాను. నా మాటలు నెమ్మదిగా, ఆమె చూసేట్టు.

"చెప్తే నువ్వు నాతో మాట్లాడటం మానేస్తావు. మానబాక. నాకు చూడటం బాగుంటది." పప్పు వడ్డించారు. కలుపుతూ, తల ఎత్తకుండా అంది: "నాయనకి చెప్పబాక. కుదిరింది కుదిరింది అని ఊళ్లో చెప్పుకు తిరుగుతున్నాడు."

ఆ తర్వాత చేయనిది లేదు. టిక్కులు పెట్టి అదే ఊఁ మళ్లీ వినిపించి చూశాం. మేడం తన దగ్గర ఉన్న మెషీన్లన్నిటితో ప్రయత్నించారు. నా గొంతుని యాప్‌లో పెట్టి సన్నగా మార్చి ఫోన్లో మాట్లాడాను. అమ్మకి వినపడింది. కాసేపు విని, "ఎవురో పిల్ల మాట్లాడతంది, బాగానే ఉంది" అంది. కాసేపాగి, "ఇది నువ్వు కాదు గదా, తీసెయ్" అంది. తీసేశాను. ల్యాబు మానేశాను. మేడం అప్పుడప్పుడూ ఫోన్ చేస్తారు. ఇద్దరం వేరే విషయాలు మాట్లాడుకుంటాం.

అమ్మకి నొప్పి లేదు. జంతికలు నములుతుంది. వాన చప్పుడు, నాయన నాదస్వరం, అత్త సాధింపులు, అన్నీ వింటుంది. ఎదురుగా ఉంటే మేమిద్దరం ఎంతసేపైనా మాట్లాడుకోగలం. అటు తిరిగిందంటే మాత్రం, నేను ఇంట్లో లేనట్టే. మొన్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెనక నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. చివరికి ముందుకి వెళ్లి కనిపించాను. ఉలిక్కిపడి, చెప్పి రావచ్చుగదే అంది. అన్నాక ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

ఇది చదివేవాళ్లలో ఇలాంటి ఇళ్లు ఉండే ఉంటాయి. మెషీను వల్లే కానక్కర్లేదు. ముసలితనం వల్ల, జబ్బు వల్ల, ఏళ్ల తరబడి పంతం వల్ల, మీ గొంతు చేరని మనిషి ఒకరు మీ ఇంట్లో ఉంటే నాకు రాయండి. ఓదార్పు మాటలు అక్కర్లేదు, అవి అత్త దగ్గర కావలసినన్ని ఉన్నాయి. అటు తిరిగి ఉన్న మనిషిని భయపెట్టకుండా ఎలా పిలుస్తారో, అది ఒక్కటి రాయండి.